పాతపట్నం మాకు పక్క ఊరే

ఆన్‌లైన్ క్లాసిఫైడ్ ప్రకటనల సైట్లు, యాప్‌లు నడుపుతున్న వారికి బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. ఇక్కడ నాకో చిన్న జిరాక్సు షాపు ఉంది. జిరాక్సులు, రీచార్జీలు, దరఖాస్తులు నింపడం నా అసలు పని. కొన్నేళ్లుగా దానికి ఇంకో పని తోడైంది. పాత బండి, పాత ఫ్రిజ్, పెళ్లికిచ్చిన డబల్‌కాట్ మంచం, ఇంకా కవరు కూడా విప్పని మిక్సీ, ఏది అమ్ముకోవాలన్నా జనం నా దగ్గరికే వస్తారు. "బాబూ, ఆ ఫోన్లో కాస్త పెట్టి పెట్టు" అంటారు. ఫొటో నేనే తీస్తాను, నాలుగు మాటలు నేనే కొడతాను. ఇరవై రూపాయలు తీసుకుంటాను. బాగా కావలసినవాళ్లయితే టీతో సరి.

అంటే మీకు జీతం లేని ఏజెంటునన్నమాట. ఆ చనువుతోనే రాస్తున్నాను.

మా వీధి చివర ఒక పిన్ని ఉంది. చుట్టరికం లేదు, చిన్నప్పటినుంచీ పిలుపు అదే. పాతికేళ్లు జాకెట్లు కుట్టి కుట్టి కళ్లు మసకబారాయి. ఇక లాభం లేదని మోటారుతో సహా కుట్టుమిషను అమ్మేస్తానంది. ఆరు వేలు చెప్పమంది, ఐదుకైనా ఇచ్చేస్తానంది. మీలో ఒకరి సైటులో పెట్టాను. రాష్ట్రం ఏదని అడిగింది, ఒడిశా నొక్కాను. ఊరేదని అడిగింది, పర్లాకిమిడి నొక్కాను. పదకొండు రోజుల్లో తొమ్మిది ఫోన్లు వచ్చాయి. భువనేశ్వర్ నుంచి ఇద్దరు, కటక్ నుంచి ఒకాయన (కొరియర్లో పంపుతారా అని అడిగాడు, కుట్టుమిషను!), మిగతావి ఎక్కడివో దేవుడికే తెలియాలి. మా ఊరినుంచి ఒక్కటీ లేదు. పాతపట్నం నుంచి అసలే లేదు.

పాతపట్నం మీకు తెలియకపోవచ్చు. మా ఊళ్లో ఆటో ఎక్కితే పొద్దు తిరక్కుండానే దిగే ఊరు. మా ఆడపిల్లల్ని ఇచ్చింది అక్కడే, తెచ్చుకున్నదీ అక్కడినుంచే. కూరలు అటునుంచి ఇటొస్తాయి, జ్వరాలు ఇటునుంచి అటెళతాయి. కాకపోతే అది శ్రీకాకుళం జిల్లా, ఆంధ్రప్రదేశ్. మా పిన్‌కోడు 7తో మొదలవుతుంది, వాళ్లది 5తో. మీ సైటు ఆ ఒక్క అంకె చూసి రెండు ఊళ్ల మధ్య గోడ కట్టేసింది.

పన్నెండో రోజున తెల్లకాగితం మీద స్కెచ్ పెన్నుతో "కుట్టుమిషను అమ్మకానికి ఉంది" అని తెలుగులో పెద్దగా, దానికిందే ఒడియాలో రాసి, మైదా జిగురు ఉడికించి, పాతపట్నం ఆటోస్టాండు దగ్గర గోడకు అంటించి వచ్చాను. ఆ సాయంత్రానికే ముగ్గురు ఫోన్ చేశారు. కొనుక్కున్నాయన కూతురు అప్పుడే టైలరింగ్ నేర్చుకుంది. "నేనూ ఫోన్లో వెతికాను సార్, అన్నీ శ్రీకాకుళంవీ విశాఖపట్నంవీ చూపించింది" అన్నాడు. ఐదువేల మూడొందలకి బేరం తెగింది. మిషను ఆటోలో వెనక సీటు మీద కూర్చుని వెళ్లిపోయింది.

ఇన్ని కోట్ల పెట్టుబడులు, ఇంతమంది ఇంజినీర్లు ఉన్న మిమ్మల్ని మైదా జిగురు ఓడించింది. ఎందుకు ఓడించిందో చెబుదామనే ఈ ఉత్తరం.

మీ చరిత్ర నాకు కొంత తెలుసు. 1995లో శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రెయిగ్ న్యూమార్క్ అనే ఆయన ఊళ్లో జరిగే సంగతులు స్నేహితులకు ఈమెయిల్లో పంపడం మొదలుపెట్టాడు. అదే క్రెయిగ్స్‌లిస్ట్ అయింది. ఒక ఊరివాళ్లు తమ ఊరివాళ్లకు చెప్పుకునే కబురుగా పుట్టిందది. ఓఎల్ఎక్స్ 2006లో, మన దేశంలో క్వికర్ 2008లో వచ్చాయి. అంతకుముందు మాకున్నవి రెండే దారులు. ఒకటి సంతలోనో మంగలి షాపులోనో చెవిన వేయడం, రెండోది పేపర్లో వేయించడం. పేపరువాళ్లు మాటల లెక్కన డబ్బు తీసుకునేవారు గనక "బండి అమ్మబడును, కండిషన్ బాగు" అని తంతి భాషలో రాసేవాళ్లం. పైగా జిల్లా పేజీ అంటే శ్రీకాకుళం జిల్లా పేజీయే. మా ప్రకటన అందులో వేయిస్తే మా ఊరివాళ్లూ చదివేవారు, పాతపట్నం, టెక్కలి వాళ్లూ చదివేవారు. ఆలోచించండి, కాగితం పేపరుకు మా సంత ఎక్కడిదాకా ఉందో తెలుసు. ఉపగ్రహం చూసి చెప్పే ఫోనుకు తెలియలేదు.

నిజానికి ఫోనుకు తెలుసు. లొకేషన్ ఆన్ చేసి ప్రకటన పెడితే అక్షాంశం, రేఖాంశం రెండూ మీ దగ్గరికి వస్తాయి. మీరు వాటిని ఒక ఊరి పేరుగా మార్చి, ఆ ఊరిని ఒక రాష్ట్రం కింద వేలాడదీసి, ఆపైన వెతుకులాటంతా ఆ కొమ్మలోనే చేయిస్తున్నారు. కొనేవాడికి కావలసింది మాత్రం రాష్ట్రం కాదు, దూరం. మంచం ఎంత బాగున్నా దాన్ని తెచ్చుకునే ఆటో కిరాయి మంచం ధరలో సగం కాకూడదు. రెండు చోట్ల మధ్య దూరం కట్టడం కష్టమైన లెక్క కాదని నాకన్నా మీకే బాగా తెలుసు. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో ఎన్ని కిలోమీటర్ల లోపల వెతకాలో మనమే ఎంచుకోవచ్చు. మా కుర్రాళ్లు మిమ్మల్ని వదిలి దానివైపూ వాట్సాప్ గ్రూపులవైపూ పోవడానికి అదీ ఒక కారణం. తీరా మావాడొకడు అయిదు కిలోమీటర్లు పెట్టుకుంటే కొండల్లో మేకలమ్మే ప్రకటన ఒక్కటే వచ్చిందట. అది వేరే సంగతి. మేకలు మంచివేనట.

మా సంత ఎంతవరకో మీకు అర్థం కావాలంటే మా రైలు చూడండి. 1900లో రాజావారి హయాంలో నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు పడింది. తరవాత గుణుపురం దాకా పొడిగించారు. ఇప్పుడది పెద్ద లైను. నౌపడ, టెక్కలి, పాతపట్నం ఆంధ్రలో. పర్లాకిమిడి, కాశీనగర్ గజపతి జిల్లాలో. గుణుపురం రాయగడ జిల్లాలో. రైల్లో కూర్చున్న మనిషికి రెండు రాష్ట్రాల మధ్య గీత ఎక్కడ దాటామో తెలియదు. "కేతే హెబొ?" అని ఒడియాలో ధర అడిగి, "మరీ అంతేటి బాబూ, తగ్గించు" అని తెలుగులో బేరమాడే జనం వాళ్లు. ఆ గీత కూడా మరీ పాతదేం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమైనప్పుడు మా ఊరు అటూ పాతపట్నం ఇటూ పడ్డాయి. గజపతి జిల్లా గంజాం నుంచి విడివడింది 1992లో. గీతలు ఇన్ని మారినా సంత మారలేదు.

ఇక్కడ మీకు తట్టని ఒక చిక్కు చెప్పాలి. ఎందుకంటే ఇది డబ్బు పోగొట్టుకునే చిక్కు.

దగ్గరివాళ్లకు ప్రకటన కనబడకపోతే ప్రకటన ఊరికే పడి ఉంటుందని మీరనుకుంటారు. ఉండదు. దూరపువాళ్లు చూస్తారు. ఎంత దూరమైనా లెక్కచేయనివాడు ఎవడు? వస్తువు నిజంగా అక్కర్లేనివాడు. పిన్ని మిషనుకు వచ్చిన తొమ్మిది ఫోన్లలో ఒకడు హిందీలో మాట్లాడి తాను ఆర్మీలో ఉన్నానన్నాడు. బేరమే ఆడలేదు. ఆరువేలంటే ఆరువేలే అన్నాడు. పాత వస్తువుకు బేరమాడనివాడిని చూస్తే నాకు మొదటినుంచీ అనుమానమే. "మా వాళ్లు వచ్చి బండిలో వేసుకుపోతారు, ముందు డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీ అకౌంట్లో పడుతుంది" అన్నాడు. పిన్ని ఫోను నా చేతికిచ్చింది గనక బతికిపోయింది. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, పోవడానికే కొట్టాలి. ఈ ఒక్క ముక్క మా షాపు గోడమీద మూడు భాషల్లో రాసి పెట్టాను. మీ యాప్‌లో ఎక్కడో ఉందేమో, సేఫ్టీ టిప్స్ అని ఇంగ్లీషులో, ఏడో పేజీలో. అది ఉండాల్సింది చాట్ పెట్టెలో. అవతలివాడు క్యూఆర్ బొమ్మ పంపిన క్షణంలో, దానికి సరిగ్గా పైన.

అందరూ నా షాపుకు రారు కదా. కాశీనగర్ వైపు ఒక కుర్రాడు పాత ఫోను అమ్మబోయి ఇలాగే పదకొండు వేలు పోగొట్టుకున్నాడు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని అతనికి తెలియదు. ఆ సైటుకు ఫిర్యాదు చేద్దామంటే ఇంగ్లీషులో ఫారం. నేనే నింపాను. వారం తరవాత "మీ అనుభవం మాకు విలువైనది" అని జవాబొచ్చింది. ఆ అనుభవం విలువ పదకొండు వేలని అప్పటికే ఫారంలో రాశాం కదండీ.

చట్టం ఏమంటుందో మీ వకీళ్లకు తెలుసు. 2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం మీలాంటి మధ్యవర్తి సంస్థలు ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు కనబడేలా పెట్టాలి. ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, పెట్టిన గడువులోగా తేల్చాలి. 2022 అక్టోబరు సవరణలో ఇంకో మాట చేర్చారు. మీ నియమాలు, షరతులు ఇంగ్లీషులోగానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోగానీ, వాడేవాడు కోరుకున్న భాషలో తెలియజేయాలని. తెలుగూ ఒడియా రెండూ ఆ షెడ్యూలులో ఉన్నవే. మా ప్రాంతంలో రెండు భాషలూ మాట్లాడేవాళ్లు ఎంతమందో, రెండూ చదవలేనివాళ్లూ అంతమందే. తెలుగిళ్లలో పుట్టి ఒడియా బడిలో చదివిన పిల్లలకు తెలుగు మాటవుతుంది, లిపి రాదు. పెద్దవాళ్లకు తెలుగు లిపి వస్తుంది, ఒడియా రాదు. అందుకని మాట రికార్డు చేసి ప్రకటన పెట్టే వీలు కల్పించండి. "మిషను బాగుంది, మోటారు కొత్తది, బెల్టు ఒక్కటి మార్చుకోవాలి" అని పిన్ని గొంతుతోనే వినిపిస్తే దాన్ని మించిన వివరణ నేను టైపు చేయలేను.

తెలుగు పెడతామని మీరొస్తే దానికీ ఒక దండం. మీలో కొందరు పెట్టిన తెలుగు చూశాను. "మీ జాబితాను సమర్పించండి" అని ఒక మీట. ఏ జాబితా? సరుకుల చీటీయా? "లావాదేవీ సంధానపరచదగినది" అని ఇంకోటి. బేరం ఆడొచ్చు అని దాని అర్థమని కనుక్కోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. మా ఊళ్లో కూర్చుని ఇలాంటి తెలుగు చదవడం మరీ విడ్డూరం. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా చేరింది ఈ పర్లాకిమిడిలోనే. జనం మాట్లాడే భాషే పుస్తకాల్లో ఉండాలని పోట్లాడిన మనిషి ఆయన. కొండల్లోని సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాసిందీ ఇక్కడుండగానే. ఆయన ఎంత పోరాడినా గ్రాంథికం ఒక్క చోట మాత్రం చావలేదు. అది క్లాసిఫైడ్ ప్రకటన. "వరుడు కావలెను", "ఇల్లు అద్దెకు ఇవ్వబడును", "స్థలము విక్రయించబడును". పేపర్లలో దాక్కున్న ఆ గ్రాంథికం ఇప్పుడు మీ యాప్‌లలోకి కాపురం మార్చింది. "అమ్మాలి", "కావాలి", "ధర ఎంత", "తగ్గిస్తారా", "చూడ్డానికి ఎప్పుడు రావచ్చు". ఈ ఐదు మీటలుంటే మా సంత నడిచిపోతుంది.

ఇక బండ్ల సంగతి. నా దగ్గరకొచ్చే ప్రకటనల్లో మోటారుసైకిళ్లే ఎక్కువ. గీత నిజంగా గీత అయ్యేది ఇక్కడొక్క చోటే, అదే మీరు చెప్పరు. మా జిల్లా బండి నంబరు ఓడీ 20తో మొదలవుతుంది. దాన్ని పాతపట్నం మనిషి కొంటే తన పేరు మీదకు మార్చుకోవడానికి ఇక్కడి ఆర్టీవో దగ్గర ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి, 29, 30 ఫారాలు పెట్టాలి, అక్కడ మళ్లీ పన్ను కట్టి ఆంధ్ర నంబరు వేయించుకోవాలి. ఇక్కడ కట్టిన జీవితకాలపు పన్నులో మిగిలినది తిరిగి రాబట్టుకోవడం ఇంకో యాత్ర. అందుకే ఒకే మోడలు, ఒకే ఏడాది బండి అయినా గీత అవతల కొనేవాడు నాలుగైదు వేలు తగ్గించి అడుగుతాడు. అది బేరం కాదు, లెక్క. అమ్మేవాడికి ఆ లెక్క తెలియక కోపమొస్తుంది.

ఎన్‌ఓసీ బెడద తప్పించుకోవడానికి చాలామంది తెల్లకాగితం మీద సంతకం చేసి తాళాలిచ్చేస్తారు. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం బండి అమ్మినవాడు ఆ సంగతి అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికి అయితే 45 రోజుల్లో తెలియజేయాలి. ఎవరూ తెలియజేయరు. ఏడాది తరవాత హెల్మెట్ లేని చలానా మా ఊరివాడి ఫోనుకు వస్తుంది. ఖర్మ కాలి బండి ఎవరికైనా తగిలితే సమన్లు వస్తాయి. ఇదంతా రాసింది మిమ్మల్ని రిజిస్ట్రేషన్ చేయించమని కాదు. ప్రకటనలో బండి నంబరు రాష్ట్రం, చూసేవాడి రాష్ట్రం వేరని మీ కంప్యూటరుకు తెలిసినప్పుడు అక్కడే రెండు వరుసలు రాయండి: ఎన్‌ఓసీ కావాలి, పన్ను మళ్లీ కట్టాలి, ఇన్ని రోజుల్లో ఫారాలు పెట్టాలి. ఇప్పుడు మీరు చేస్తున్నది దీనికి తిరగబడ్డట్టుంది. గీత అడ్డంకాని కుట్టుమిషనుకు గోడ కడతారు, గీత నిజంగా అడ్డమైన బండికి నోరెత్తరు.

ఆడవాళ్ల ఫోన్ నంబర్ల గురించి నేను రాయకపోతే మా ఇంట్లో ఊరుకోరు. మా ఆవిడ చీరలు పెట్టుకునే ఇనప బీరువా అమ్మకానికి పెట్టినప్పుడు నంబరు తనదే ఇచ్చింది. బీరువా మూడో రోజున పోయింది. ఫోన్లు మాత్రం నాలుగు నెలలు వచ్చాయి, అదీ రాత్రి పదకొండు దాటాక. ప్రకటన తీసేసినా నంబరు ఎవరెవరి దగ్గర రాసి ఉందో. అప్పటినుంచి నా షాపుకొచ్చే ఆడవాళ్ల ప్రకటనలన్నిటికీ నా నంబరే ఇస్తున్నాను. చీరలు, గాజుల స్టాండు, పసిపిల్లల ఉయ్యాల, అన్నిటికీ నా నంబరే. ఉయ్యాల కోసం ఫోన్ చేసినావిడ నా గొంతు విని పెట్టేసింది. నంబరు కనబడకుండా చాట్ చేసే ఏర్పాటు మీలో కొందరికి ఉందని తెలుసు. అది అడిగితే ఇచ్చేదిగా కాక, ముందునుంచీ అలాగే ఉండాలి. నంబరు చూపించాలా అన్నదే విడిగా అడగాలి.

ఉద్యోగాల పేజీ గురించి ఎక్కువ రాయను. "ఇంట్లో కూర్చుని టైపింగ్, నెలకు పాతికవేలు, రిజిస్ట్రేషన్ ఫీజు ఎనిమిది వందలు" అన్న ప్రకటనను పట్టుకోవడానికి ఏ కృత్రిమ మేధా అక్కర్లేదు. ఉద్యోగమిచ్చేవాడు డబ్బు అడగడని మా ఆటో కుర్రాడికీ తెలుసు. మీరు తీసెయ్యకపోవడానికి కారణం తెలియకపోవడం కాదనే నా అభిప్రాయం.

మీరు మాకు చేసిన మంచి మరిచిపోయి రాయడం లేదు. ఇంజినీరింగ్ పిల్లలు చదువు అయిపోయి వెళ్లేటప్పుడు ఇదివరకు సైకిళ్లు, టేబుళ్లు హాస్టలు వాచ్‌మన్‌కు వదిలేసిపోయేవారు. ఇప్పుడు వాటికి ధర వస్తోంది, తరవాత వచ్చే పిల్లలకు చవగ్గా దొరుకుతున్నాయి. వాడేసిన వస్తువు కొనడం నామోషీ అనుకునే ఇళ్లలో కూడా ఆ నామోషీ పోయింది. ఫొటో చూసి, ఎవరిదో తెలియకుండా కొనే వీలుండటంతో. ఎదురింటివాళ్ల పాత సోఫా మన ఇంట్లోకొచ్చిందన్న మాట పడక్కర్లేదు. దళారీకి ఇచ్చే వందా రెండొందలూ మిగులుతున్నాయి. ఇవన్నీ మీవల్లే. అందుకే మైదా జిగురు దగ్గరికి తిరిగి పోవాలని నాకు లేదు. గోడమీద కాగితం మీద పొద్దున వేరే సినిమా పోస్టరు పడుతుంది.

మీలో ఎవరికైనా ఇది చిన్న ఊరి గొడవ అనిపిస్తే మ్యాపు తీసి చూడండి. మాలాంటి ఊళ్లు గీత పొడుగునా ఉన్నాయి. ఇచ్ఛాపురం నుంచి బరంపురం వెళ్లేవాళ్లున్నారు. పార్వతీపురం నుంచి రాయగడ వెళ్లేవాళ్లున్నారు. అటు మహారాష్ట్రలో ధర్మాబాదువాళ్లకు బాసర ఎంత దూరమో, ప్రాణహిత ఒడ్డున సిరోంచవాళ్లకు కాళేశ్వరం ఎంత దూరమో చూడండి. వాళ్లకు మీరు నాందేడ్, గడ్చిరోలి ఫ్రిజ్‌లు చూపిస్తూ ఉంటారు.

ఈ ఉత్తరం రాస్తుండగా పాతపట్నం నుంచి ఒకాయన వచ్చాడు. కొడుకుని పర్లాకిమిడి కాలేజీలో చేర్చాడట, ఇక్కడ అద్దె గది కావాలి. ఫోన్లో వెతికితే శ్రీకాకుళంలో గదులు చూపించిందట. మా వెనక వీధిలో ఒక మాస్టారి మేడగది ఖాళీగా ఉంది. దాని ప్రకటన మీ సైటులో నేనే పెట్టి పదిహేను రోజులైంది. షాపు షట్టరు సగం దించి, ఆయన్ని తీసుకుని గది చూపించడానికి వెళ్తున్నాను. మీ జవాబు తెలుగులోనైనా ఒడియాలోనైనా సరే, ఇంగ్లీషులో మాత్రం వద్దు.

ఇట్లు,
జిరాక్సు షాపువాడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా